ఎండాకాలం చిలికా

సెలవులొస్తే మన లైన్లలో చిలికా ప్రయాణం మాట మొదలవుతుంది. వెళ్ళండి, కానీ పొద్దున్నే పడవెక్కండి.

ఫాల్గుణం దాటాక అక్కడ దక్షిణపు గాలి పట్టుకుంటుంది. తెల్లారి అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి కెరటాలెత్తుతాయి. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటే సరస్సు ఎండలకు 900 దాకా తగ్గుతుంది. చాలాచోట్ల లోతు 2 మీటర్లుండదు. ఏం భయంలే అనుకోవద్దు. లోతు లేని నీళ్ళలోనే కెరటం పొట్టిగా, నిటారుగా లేచి పడవను కుదిపేస్తుంది. వాయవ్యాన నల్లమబ్బు పట్టిందా, కాలవైశాఖి వస్తోందన్నమాట. కాళీజాయి గుడి కథలో అత్తారింటికి పోతున్న పిల్ల ఉన్న పడవ మునిగింది గాలివానకే కదా.

వేట సంగతి చెబుతాను. 2000లో సముద్రానికి కొత్త దారి తవ్వాక ఉప్పునీరు బాగా వస్తోంది. దాంతోపాటే రొయ్య పిల్లలు, పీత పిల్లలు లోపలికొస్తాయి. చేపల రాబడీ పెరిగింది. కొనేటప్పుడు తెల్లారి వలలో పడ్డవే అడగండి, ఎండకు త్వరగా పాడవుతాయి.

మనకున్న సెలవు ఒక్క ఆదివారమే. డబ్బు కలిసొస్తుందని పదిమంది పడవలో పదిహేనుమందిమి ఎక్కుతాం. పిల్లలకు లైఫ్ జాకెట్ లేకపోతే నేనైతే ఎక్కను. పడవ నడిపే అన్న "గాలి బాగాలేదు" అంటే బేరమాడకండి. గట్టునే కూర్చుని అన్నం తినండి. ఆదివారం మళ్ళీ వస్తుంది.