ఆర్గోను మన ప్రాణము కాదు

పాశ్చాత్యుడెవడైనను ఒక అదృశ్యశక్తిని గూర్చి పలికిన చాలును, ‘ఇది మన ప్రాణమే కదా’ యని చంకలు గుద్దుకొను అలవాటు మనలో కొందఱికి కలదు. విల్‌హెల్మ్ రైఖ్ చెప్పిన ఆర్గోను విషయమునను ఇట్లే జరుగుచున్నది. మేమీ సంబరమున పాలుగొనజాలము.

రైఖ్ సామాన్యుడు కాడు. 1897లో నాటి ఆస్ట్రియా-హంగెరీ సామ్రాజ్యమున జన్మించి, వియన్నాలో వైద్యము చదివి, ఫ్రాయిడ్ శిష్యవర్గమున చేరెను. తోడి విశ్లేషకులు రోగి చెప్పుచున్న కథను వినుచుండగా, ఆయన రోగి దేహమును చూచెను: బిగిసిన దవడ, పైకెత్తిన భుజములు, సగమే ఆడు ఊపిరి. అణచుకొన్న కోపశోకములు కండరములలో కవచమువలె గట్టిపడునని ఆయన సిద్ధాంతము. 1933 నాటి ‘కారెక్టర్ ఎనాలిసిస్’ గ్రంథము ఈ మార్గమునకు మూలము. పంటి బిగువున బాధ నోర్చుట, ఊపిరి బిగబట్టుట అని నిత్యము పలుకు మనకు ఇందు వింత లేదు. ఇంతవఱకు ఆయనకు మా నమస్కారము.

1939లో అమెరికా చేరిన పిమ్మట ఆయన విశ్వమంతట నిండిన ఆర్గోను శక్తిని కనుగొంటినని ప్రకటించెను. కొయ్యయు లోహమును కలిపి నిర్మించిన పెట్టెలో కూర్చుండినచో ఆ శక్తి దేహమున చేరునట! 1941లో ఐన్‌స్టీన్ ఆ పెట్టెను పరీక్షించెను. దానిమీద వేడిమి కొంచె మధికముగా నుండుట నిజమే. కాని అది గదిలోని గాలి కదలికవలన కలిగినదని తేలెను. రైఖ్ అంగీకరింపలేదు. కాన్సరు రోగులు సైతము ఆ పెట్టెను నమ్ముకొనిరి.

మా కలహ మిచ్చటనే. ఉపనిషత్తులు ప్రాణమును థర్మామీటరుతో కొలువలేదు, రైఖ్ కొలిచితిననెను. కొలతలో ఓడినదానికి సంస్కృతనామ మిచ్చి కాపాడుట రోగికి మేలు కాదు, ఉపనిషత్తులకు గౌరవమును కాదు.

‘అట్లైన ప్రభుత్వ మాయన గ్రంథముల నేల దహించెను?’ అని మిత్రులు మమ్ము నిలదీయుదురు. నిజమే, అది సిగ్గుమాలిన పని. 1954లో న్యాయస్థానము పెట్టెలను నిషేధించెను. అది రోగుల రక్షణకై చేసినది, మేము తప్పుపట్టము. కాని 1956లో న్యూయార్కు నగరమున టన్నులకొలది గ్రంథములను పత్రికలను నిప్పుపాలు చేసిరి. ఆర్గోను మాట పుట్టకమునుపే జర్మనులో వెలువడిన ‘కారెక్టర్ ఎనాలిసిస్’ సైతము అందు కాలెను. కారణ మేమన, ఆంగ్లప్రతిలో ఆయన తరువాత ఆర్గోను ప్రసక్తిని చేర్చియుండెను! ఫాసిజమును విమర్శించిన గ్రంథమునకును అదే గతి పట్టెను. నాజీలకు గిట్టని ఆ పుస్తకము స్వేచ్ఛాదేశమున బూడిదయ్యెను.

అయినను మంట సాక్ష్యము కాదు. గ్రంథము కాలినంతనే పెట్టె పనిచేయదు. న్యాయాజ్ఞను ధిక్కరించిన నేరమునకు రెండేండ్ల శిక్ష పొంది, రైఖ్ 1957 నవంబరు 3వ తేదీన లూయిస్‌బర్గు కారాగారమున గుండె ఆగి మరణించెను. ఆయన శిష్యుడు అలెగ్జాండర్ లోవెన్ శ్వాసను, కండరములను ఆధారము చేసికొని బయోఎనర్జెటిక్స్ అను చికిత్సను అప్పటికే ఆరంభించియుండెను. అందు కూర్చుండుటకు పెట్టె లేదు.