మాను నిలిచింది మహిమతో కాదు

చిలకలగూడ పాత సందుల్లో ఏ పిట్టగోడ పగులు చూసినా రావి మొక్క కనిపిస్తుంది. పీకబోతే పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు. "అది విష్ణుమూర్తి, ముట్టుకుంటే వంశానికి కీడు" అంటారు. మట్టి లేని చోట, నీళ్లు పోసే దిక్కు లేని చోట బతికిందంటే దైవశక్తి కాక మరేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం చెట్టు దగ్గరే వెతకాలి.

ఒక రావి పండు చిదిమి చూడండి, నిండా నలకలంత గింజలు. కాకి, గోరింక, గబ్బిలం ఆ పండు తిని రెట్ట వేసిన చోటల్లా గింజ అతుక్కుంటుంది. అడవిలో ఈ జాతి తరచుగా వేరే చెట్ల కొమ్మల మీదే మొలుస్తుంది, పిడికెడు దుమ్ముతో, కాస్త తడితో బతుకుతుంది. మన గోడ దానికి మరో కొమ్మ, అంతే. మర్రి, రావి, మేడి కుటుంబానికీ వాటి పుప్పొడి మోసే చిన్న కందిరీగలకూ మధ్య పొత్తు ఆరు కోట్ల ఏళ్లకు పైబడినది. అప్పటికి మొక్కే మనిషే లేడు. ఇక రావి రాత్రి కూడా ప్రాణవాయువు ఇస్తుందన్న మాట శుద్ధ అబద్ధం. వెలుతురు లేనిదే ఏ ఆకూ ఆక్సిజన్ తయారు చేయలేదు.

నన్ను బాగా కలచివేసేది కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కథ. దాదాపు అయిదెకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టది. 1434లో తిమ్మమ్మ భర్త చితిపై సహగమనం చేసిందనీ, ఆ చితికి నాటిన గుంజే చిగురించి మాను అయిందనీ చెబుతారు. పిల్లలు లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు. ఒక స్త్రీ కాలిపోయిన ఘోరాన్ని ఈ కథ వరంగా మార్చేసింది. సతిని కీర్తించడం కూడా నేరమని 1987 చట్టం చెబుతోంది.

కలకత్తా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రి చూడండి. 1864, 1867 తుఫానులకు దెబ్బతిని, బూజు పట్టి పుచ్చిన దాని అసలు మొదలును 1925లో తొలగించారు. అయినా వేలాది ఊడల మీద నేటికీ విస్తరిస్తూనే ఉంది. అక్కడ ఏ సతీ లేదు. కొమ్మ నుంచి దిగిన ఊడ నేల తాకి, వేరూని, కాండమై బరువు మోస్తుంది. తిమ్మమ్మ మానును నిలిపినవీ ఆ ఊడలే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017లో పెద్ద కొమ్మ విరిగిపడితే ప్రదక్షిణలు కాపాడలేదు. సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి చుక్కచుక్కగా కాండంలోకి ఎక్కించారు, వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. నాస్తికోద్యమ నేత గోరా వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చెట్టును తెలుసుకోవడం ఆయనకు జీవనవృత్తి.

రావి మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లకు నా విన్నపం. గోడలో మొలిచినదాన్ని లేతగా ఉండగానే వేరుతో సహా తీసి ఖాళీ జాగాలో నాటండి. పెద్ద చెట్ల మొదట్లో పోసిన సిమెంటు తీయించండి, వాన నీళ్లు మట్టిలోకి ఇంకనివ్వండి. బెరడు కాలేలా దీపాలు పెట్టకండి, మేకులు కొట్టకండి. సంతానం కావలసినవాళ్లు భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.