అది ఉత్త అడవి కాదు, మన ఊళ్లు



"అక్కడేముంది, ఉత్త అడవి. ఆ అడవిని కొట్టి నగరం కట్టారు." జంషెడ్‌పూర్ గురించి ఈ మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఈసారి ఎవరైనా అంటే ఆ నగరంలోని పేటల పేర్లు చదివి వినిపించండి. సాక్చీ, సోనారీ, కద్మా, బేల్డీహ్, కాశీడీహ్. అక్కడ 'డీహ్' అంటే జనం ఉండే చోటు, ఊరు. మనుషుల్లేని అడవికి ఊరి పేర్లు ఎవరు పెట్టారు? సంతాల్, హో, భూమిజ్ జనం బతికిన నేల అది.

1908లో సాక్చీలో ఉక్కు ఫ్యాక్టరీకి మొదటి మేకు దిగింది. ఆదివాసీ భూమి పరాయివాళ్ల చేతికి పోకూడదని ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చిందీ 1908లోనే. 1900లో జైల్లో ప్రాణం విడిచిన బిర్సా ముండా పోరాటానికి భయపడి తెల్లదొరలు తెచ్చిన చట్టం అది. చట్టం, మేకు ఒకే ఏడాది వచ్చాయి. ఏది లోతుగా దిగిందో ఇవాళ మీకే కనిపిస్తోంది. 1919లో సాక్చీ పేరు కూడా పోయింది, జంషెడ్‌పూర్ అయింది. దగ్గర్లోని కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది.

1912 ఫిబ్రవరి 16న అక్కడ మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. అది ఓపెన్ హార్త్ కొలిమిలో కాగిన ఉక్కు. ఆ కొలిమి లోతు తక్కువ ఉండే పెద్ద పళ్లెం లాంటిది. కింద గదుల నిండా జాలీలా పేర్చిన ఇటుకలు ఉంటాయి. బయటికి పోయే పొగ వేడిని అవి పట్టి ఉంచి, లోపలికొచ్చే గాలికి తిరిగి ఇస్తాయి. ముడి ఇనుము, తుక్కు, సున్నపురాయి వేసి ఒక్కో విడతకు 8 నుంచి 12 గంటలు కాచాలి. తర్వాత వచ్చిన కన్వర్టర్లు అదే పని గంటలోపే చేస్తాయి. అందుకే ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా ఓపెన్ హార్త్ కొలిముల కాలం అయిపోయింది.

ఆ షెడ్డు, క్రేను, గరిటె, అచ్చులు అన్నిటికీ లెక్క ఉంటుంది. ఇంజినీర్ల పేర్లు కూడా దొరుకుతాయి. మరి పునాదుల మట్టిని గంపల్లో మోసిన ఆదివాసీ ఆడవాళ్ల పేర్లు? వాళ్లను 'రేజా'లు అన్నారు, అంతే. మొదటి రోజుల్లో కొలిమి దగ్గర నైపుణ్యం ఉన్న పనులకు విదేశీయుల్ని తెచ్చుకున్నారు. మనకు మిగిలింది మోత పని.

ఇనుము మనకు కొత్తా? అసుర్ జనం తరతరాలుగా మట్టి కొలిముల్లో, కాళ్లతో తిత్తులు తొక్కి ఇనుము తీశారు. అడవి చట్టాలు బొగ్గు కాల్చుకోనివ్వలేదు. ఫ్యాక్టరీ ఇనుము వాళ్ల సరుకుకు గిరాకీ లేకుండా చేసింది. ఇవాళ అసుర్ భాష యునెస్కో 'అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల' జాబితాలో ఉంది.

పాత కొలిముల్ని పడగొట్టమని నేను అనట్లేదు. జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్‌లో 1993లో ఆగిపోయిన ఓపెన్ హార్త్ కొలిమిని మ్యూజియంగా కాపాడుకున్నారు. మంచిదే. మన దేశంలో కూడా కాపాడండి. కానీ ఆ కొలిమి పక్కనే అసుర్ల మట్టి కొలిమి ఉండాలి. ఫ్యాక్టరీ మ్యాపు పక్కన దాని కింద పోయిన ఊళ్ల మ్యాపు ఉండాలి. అవి లేకుండా వారసత్వం అంటే, కబ్జాకు పూలదండ వేసినట్టే.

ఇదంతా ఎక్కడో జార్ఖండ్ గొడవ అనుకోకండి. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూస్తామన్నారు. అప్పట్నుంచి బయ్యారం పేరు ప్రతి ఎన్నికల్లో వినిపిస్తూనే ఉంది. ఉక్కు వద్దని ఎవరన్నారు? మన గొడ్డలి, మన నాగలి కర్రు ఇనుమే కదా. కానీ ఫ్యాక్టరీ వచ్చినా రాకపోయినా, రేపు ఎవడో వచ్చి "ఇక్కడ ఉత్త అడవే ఉండేది" అనకూడదు.

అందుకే ఈ వారమే మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. గట్ల పేర్లు, వాగుల పేర్లు, దేవర ఉండే చోట్లు రాసుకోండి. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయండి. గ్రామసభ రిజిస్టర్లో ఎక్కించండి. మనం రాయకపోతే వాళ్లు రాస్తారు, మనల్ని వదిలేసి.

జై ఆదివాసీ!