బడి ఆవరణలో పరుగు... పటంలో కన్యాకుమారికి!

పైసా ఖర్చు లేని యాత్ర. కావలసింది రోజూ పావుగంట, కాస్త ఖాళీ స్థలం

గుత్తి: బడి పిల్లలు ఆవరణ దాటకుండానే కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా నడిచిపోవచ్చు. రోజూ అందరూ కలిసి తిరిగిన చుట్లను లెక్కగట్టి, ఆ దూరాన్ని గోడమీది భారతదేశ పటంలో గుర్తిస్తూ ముందుకు సాగటమే ఈ యాత్ర. విదేశాల్లో పలు పాఠశాలలు అనుసరిస్తున్న ఈ పద్ధతి మన పల్లె బడులకు ఏ మేరకు పనికివస్తుంది, ఎక్కడ దారి తప్పే ప్రమాదం వుంది అన్నది ఆలోచించదగ్గ విషయం.

తగ్గిన నడక

పక్క ఊళ్లోని ఉన్నత పాఠశాలకు రెండు మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లటం ఒకప్పుడు పల్లె పిల్లలకు మామూలే. ఇప్పుడు ఆటోలు, స్కూలు బస్సులు ఇంటి ముందుకే వచ్చి ఆగుతున్నాయి. సాయంత్రం వీధిలో ఆడుకోవలసిన వేళ చేతిలోకి సెల్‌ఫోను వచ్చింది. 5 నుంచి 17 ఏళ్ల వయసు వారు రోజుకు సగటున గంటసేపయినా ఒళ్లు అలిసేలా ఆడాలి, నడవాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల వారిలో ప్రపంచం మొత్తం మీద నూటికి 81 మంది, మన దేశంలో 74 మంది ఆ మేరకు ఒళ్లు వంచటం లేదు. ఆడపిల్లల పరిస్థితి మగపిల్లలకంటే వెనుకబడి వుంది.

స్కాట్లండులో ఆరంభం

ఇదే బాధ స్కాట్లండులోనూ వుంది. అక్కడి స్టిర్లింగ్ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని ఎలైన్ వైలీ, పిల్లలు కొద్ది దూరం పరుగెత్తగానే రొప్పుతున్నారని గమనించి 2012లో ఒక పద్ధతి పెట్టారు. రోజూ పావుగంట పిల్లలందరూ బయటికి వచ్చి నడవాలి, లేదా పరుగెత్తాలి. పందెం లేదు. ప్రత్యేక దుస్తులు లేవు. ఆట సామాన్లు అసలే అక్కర్లేదు. ఆ వ్యవధిలో పిల్లలు దాదాపు ఒక మైలు, అంటే 1.6 కి.మీ. వెళ్లగలుగుతారు కనుక దానికి 'డైలీ మైల్' అన్న పేరు స్థిరపడింది. ఈ పద్ధతి వున్న బడిని, లేని బడిని పోల్చి పరిశోధకులు 2018లో ఫలితాలు ప్రకటించారు. రోజూ తిరిగిన పిల్లలు ఆయాసపడకుండా ఎక్కువ దూరం పరుగెత్తగలిగారని, ఒంట్లో కొవ్వు కూడా తగ్గిందని తేలింది.

రోజూ అదే మైదానం చుట్టూ తిరగటం పిల్లలకు విసుగు పుట్టించవచ్చు. ఆ విసుగు పోగొట్టడానికి వచ్చినదే పటం. బ్రిటన్‌లో ఆ దేశపు ఒక కొస ల్యాండ్స్ ఎండ్ నుంచి రెండో కొస జాన్ ఓ గ్రోట్స్ వరకు సుమారు 1,400 కి.మీ. దూరాన్ని పిల్లలు ఇలా చుట్ల లెక్కన పూర్తిచేయటం పరిపాటి.

మన లెక్క

మనకు ఇంతకంటే మంచి దారి కళ్లముందే వుంది. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి చేరే 44వ నెంబరు జాతీయ రహదారి పొడవు 3,745 కి.మీ. జమ్మూ, లూథియానా, పానిపట్, ఢిల్లీ, ఆగ్రా, ఝాన్సీ, నాగపూర్ మీదుగా వచ్చి, ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు దాటి మన జిల్లాలో గుత్తి, పామిడి, అనంతపురం, రాప్తాడు గుండా సాగుతుంది. ఆపైన పెనుకొండ, బెంగుళూరు, సేలం, మదురై. పంజాబు లారీలు, తమిళనాడు లారీలు వెళ్లే రోడ్డు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో పిల్లలకు తెలియజెప్పటానికి ఇంతకు మించిన పాఠం లేదు.

ఒక పిల్లవాడు రోజుకు ఒక కి.మీ. చొప్పున, ఏడాదికి 200 పనిదినాలు తిరిగితే కన్యాకుమారి చేరటానికి సుమారు 19 ఏళ్లు పడుతుంది. అయిదో తరగతి పూర్తయ్యే నాటికి వాడు 1,000 కి.మీ. తిరిగి ఢిల్లీ దాటుతాడు, అంతే. అదే 40 మంది కలిస్తే 94 రోజుల్లో యాత్ర ముగుస్తుంది. వేగంగా పరుగెత్తేవాడి చుట్టు, మెల్లగా నడిచేవాడి చుట్టు లెక్కలో ఒక్కటే కావటం ఇందులోని మంచి గుణం. వెనుకబడిన పిల్లవాణ్ణి వదిలేస్తే తరగతి మొత్తం దూరం తగ్గుతుంది.

పిల్లలు ఇరవై మందే వున్న ఏకోపాధ్యాయ పాఠశాలకు 3,745 కి.మీ. అంటే దాదాపు ఏడాదంతా పని. అలాంటి చోట గాంధీజీ 1930లో సబర్మతి నుంచి దండి వరకు నడిచిన దారిని ఎంచుకోవచ్చు. సుమారు 385 కి.మీ. దూరాన్ని ఆయన 24 రోజుల్లో నడిచారు. 20 మంది పిల్లలు తలా ఒక కి.మీ. చొప్పున 20 రోజుల్లో చేరతారు. చరిత్ర పాఠం కూడా పూర్తవుతుంది.

లెక్కించటానికి యంత్రాలు అవసరం లేదు. ఆవరణ చుట్టుకొలతను టేపుతో ఒకసారి కొలిస్తే చాలు. చుట్టు 200 మీటర్లయితే అయిదు చుట్లు ఒక కి.మీ. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చింతగింజ డబ్బాలో వేసి, చివర గింజలు లెక్కపెట్టి గుణకారం చేసే పని మూడో తరగతి పిల్లలదే.

కాగితం మీది పరుగు వద్దు

ఈ తరహా ప్రయత్నం మన దేశానికి కొత్త కాదు. కరోనా కాలంలో, 2020 ఆగస్టు 15 నుంచి అక్టోబరు 2 వరకు కేంద్ర ప్రభుత్వం 'ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్' నిర్వహించింది. ఎవరికి వీలయిన చోట, వీలయిన వేళ వారు పరుగెత్తి దూరం నమోదు చేసుకోవటం, ధృవపత్రం పొందటం దాని పద్ధతి. జనం గుమిగూడరాని రోజుల్లో అది తగిన ఉపాయమే. అయితే ఎవరి దూరం వారే రాసుకునే పద్ధతిని బడుల్లో యథాతథంగా పెడితే, ధృవపత్రం కోసం కాకిలెక్కలు రాసే అవకాశం లేకపోలేదు. ఏ బడి ముందు చేరుతుందని మండలాల మధ్య పోటీ పెడితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పటంలో కన్యాకుమారి చేరి, పిల్లలు మాత్రం తరగతి గదిలోనే కూర్చుండిపోతే ప్రయోజనం ఏమిటి?

స్థలం, సమయం

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికి ఆటస్థలం వుండాలని నిర్దేశించింది. అద్దె భవనాల్లో, అంగళ్లపై అంతస్తుల్లో నడిచే బడుల్లో ఆ మాట ఏమవుతోందో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. అదే చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు. చిన్న బడులకు ఆ ఏర్పాటు లేదు. చుట్లు తిరగటానికి మాత్రం వ్యాయామోపాధ్యాయుడే వుండనవసరం లేదు. తరగతి ఉపాధ్యాయుడు వెంట వుంటే చాలు.

జాగ్రత్తలు తప్పవు. ఈ జిల్లా ఎండలకు ఉదయం మొదటి పీరియడుకు ముందే ముగించాలి. ఒంటిపూట బడుల రోజుల్లో మానుకోవటం మంచిది. మధ్యాహ్న భోజనం కాగానే పరుగు పనికిరాదు. తాగునీరు దగ్గరే వుండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. నీరసంగా వున్నవారిని పరుగెత్తమని ఒత్తిడి చేయరాదు, నడిస్తే చాలు. అలాగని ఆడపిల్లలను పక్కన కూర్చోబెట్టటమూ తగదు. రోజూ నడిచే బడికి వచ్చే పిల్లల దూరాన్ని కూడా లెక్కలో కలపటం న్యాయం.

పరీక్షలు దగ్గరపడగానే మొదట కోత పడేది ఆటల పీరియడుకే. కనుక పటం కొనటానికి ముందే ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీలు కలిసి ఆ పావుగంటను కాలపట్టికలో రాయించాలి. మండల విద్యాధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ధృవపత్రాలు కాక, చింతగింజల డబ్బా అడిగి, పిల్లలతోపాటు ఒక చుట్టు తిరిగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.