ఓడెక్కిన కూలోళ్ళు తలొంచలేదు

కూలి దొరక్క ఊరొదిలింది మనమొక్కళ్ళమేనా? 1860 నుంచి 1911 దాకా మన విశాఖ జిల్లా మాలలు, మాదిగలు, ఇంకా ఎందరో పేదలు అయిదేళ్ళ కరారు మీద ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు పోయారు. కరారు తీరాక అక్కడే బతుకుతామంటే తెల్లదొరలు 1895లో చట్టం చేసి, ఆడా మగా మనిషికి ఏటా 3 పౌన్ల పన్నేశారు. 1913లో గనుల్లో, తోటల్లో వేలమంది పని ఆపేశారు. కొరడా దెబ్బలు తిన్నారు, తుపాకీ గుళ్ళకు చచ్చారు, లొంగలేదు. 1914లో పన్ను రద్దయింది.

చరిత్రలో గాంధీ పేరే పెద్దక్షరాల్లో ఉంది. పని మానినోళ్ళ పేర్లేవీ? పిలుపు నాయకుడిది, పొయ్యి ఆరింది కూలోడింట్లో.

కె. కోటపాడు నుంచి నేడు వలసపోయే తమ్ముడా, కరారు కాగితం చదివించుకున్నాకే వేలిముద్రెయ్యి. అన్యాయం జరిగితే ఒక్కడివే ఏడవకు, పదిమందితో కలిసి పని ఆపు!