నంబరు సరే... వెడల్పు సంగతేమిటి?

మగవాళ్ల బూట్ల గోల ఆడవాళ్ల పేజీలో ఎందుకని అనుకోకండి. అల్లుడికి పెళ్లి బూట్లు కొనేది ఎవరు? ఇంటర్వ్యూకి వెళ్లే కొడుకుని దుకాణానికి తీసుకెళ్లేది ఎవరు? సాయంత్రం ఇంటికొచ్చి "కాళ్లు పీకుతున్నయే" అంటే వేణ్ణీళ్లు పెట్టేది ఎవరు? మనమే. కొనేటప్పుడు మాత్రం ఒక్క మాటే అడుగుతాం, "నంబరెంత?" అని. ఎత్తు ఒక్కటే చెప్పి రవిక కుట్టమంటే టైలరు నవ్వడూ? బూట్ల దగ్గర మాత్రం సరిగ్గా అదే పని చేస్తున్నాం.

మా సిద్దిపేటలో ఈమధ్య ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురి మేనమామ లండన్ నుంచి పెళ్లికొడుక్కి తోలు బూట్లు తెచ్చాడు. నల్లగా, అద్దంలా మెరిసిపోతున్నాయి. రిసెప్షన్లో ఆ అబ్బాయి ఒక కాలి మీదా, ఇంకో కాలి మీదా మార్చి మార్చి నిలబడ్డాడు. మర్నాడు చూస్తే రెండు చిటికెన వేళ్ల మీదా బొబ్బలు. "గంత పైసలు వెట్టి తెచ్చిన బూట్లు. పిల్లగాని కాలే అడ్డమున్నది, ఏం జేస్తం?" అంది పెళ్లికూతురి తల్లి. నాకు మనసుకు పట్టింది ఆ మాటే. బూటు ఇరుకైతే తప్పు కాలిదా?

అసలీ నంబరు ఏమిటో చూద్దాం. మన దుకాణాల్లో చెప్పే 6, 7, 8 ఇంగ్లండు లెక్క. పాతకాలంలో అక్కడ మూడు బార్లీ గింజలు వరసగా పేరిస్తే ఒక అంగుళం. ఆ గింజ పొడవే ఇప్పటికీ ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ మధ్య తేడా. అంటే అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పైగా అది బూటు కుట్టే అచ్చు నంబరు, మన పాదానిది కాదు. పూలమ్మే ఒకామె మూర ఇంకొకామె మూరతో కలవనట్టే, ఒక కంపెనీ ఎనిమిది ఇంకో కంపెనీ ఎనిమిదితో కలవదు.

విచిత్రం ఏమిటంటే, మనకీ లెక్క అంటగట్టిన ఇంగ్లీషువాళ్లు నంబరుతో ఊరుకోరు. బూట్లకు పేరుబడ్డ నార్తాంప్టన్ ఊళ్లో చర్చెస్, క్రాకెట్ అండ్ జోన్స్ లాంటి పాత కంపెనీలు నంబరు పక్కన ఇ, ఎఫ్, జి అని ఒక అక్షరం కూడా వేస్తాయి. అది వెడల్పు గుర్తు. అక్షరం ముందుకు పోయిన కొద్దీ బూటు వెడల్పవుతుంది. పొడవు, వెడల్పు రెండూ చూసి తొడిగేది వాళ్లు. మనకి నంబరొచ్చింది, అక్షరం రాలేదు! లండన్ మేనమామకి ఇక్కడివాళ్లు ఫోన్లో "ఎనిమిది" అని చెప్పారు. వెడల్పు ఎవరూ చెప్పలేదు, ఎవరికీ తెలియదు గనక.

మరి ఇరుకైనప్పుడు మనమేం చేస్తాం? ఒక నంబరు పెంచుతాం. దాంతో పొడవు పెరుగుతుంది, వెడల్పు కాస్తే పెరుగుతుంది. నడిచేటప్పుడు మన బొటనవేలి కీలు వంగేచోటే బూటు కూడా వంగాలి. పొడవు ఎక్కువైతే ఆ వంపు ముందుకు జరిగిపోతుంది. మడమ వదులై, పాదం ముందుకు జారి, వేళ్లు మళ్లీ ఇరుక్కుంటాయి. ఇంకో మాట కూడా వింటుంటాం, "తొడుగుతుంటే సాగుతది అక్కా" అని. తోలు వెడల్పులో కొంత సాగే మాట నిజమే. పొడవులో సాగదు. వేలి కొస తగులుతుంటే ఆ జత వద్దనడమే మేలు.

లేసు బూట్లలో రెండు రకాలుంటాయి. లేసు రెక్కలు కిందివైపు మూసుకుని ఉండేవి ఆక్స్‌ఫర్డ్. విడిగా తెరుచుకునేవి డెర్బీ. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లకు డెర్బీ హాయి. కొత్త ఆక్స్‌ఫర్డ్‌కి లేసు బిగించాక రెక్కల మధ్య సన్నటి సందు మిగలాలి. బాగా నోరు తెరుచుకుంటే పాదానికి చాలనట్టు. పూర్తిగా కలిసిపోతే, రేపు తోలు సాగాక బిగించడానికి చోటుండదు.

మన పాదాలు వాళ్ల పాదాలకన్నా వెడల్పని ఇప్పుడు లెక్క కట్టి మరీ తేల్చారు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను యంత్రాలతో కొలిచింది. మన తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు ఒకప్పుడు నడిపించిన సంస్థే ఇది. ఇరుకు బూట్లు తొడగలేక చాలామంది పెద్ద నంబర్లు కొంటున్నారని ఆ సర్వేలో బయటపడింది. మన పాదాలకు మనదైన కొలతల పద్ధతి తయారుచేసి 'భా' అని పేరు పెట్టారు. భారత్‌లో భా. ఆడపిల్లల పాదం పదకొండేళ్ల వయసులో, మగపిల్లలది పదిహేను, పదహారేళ్లకు బాగా పెరుగుతుందని కూడా తేలింది. ఆ వయసు పిల్లలకు "రెండేళ్లు వస్తయి" అని ఒకే జత కొనే తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నిజానికి పాదం కొలిచి కుట్టడం మనకు కొత్తేమీ కాదు. ఊళ్లో చెప్పులు కుట్టేవాళ్లు మనిషిని నిలబెట్టి, పాదం చుట్టూ గీత గీసుకుని తోలు కోసేవాళ్లు. వాళ్లు నంబరు అడగలేదు, కాలు చూశారు. ఆ పనిని చిన్నచూపు చూసి, నంబరును నెత్తిన పెట్టుకున్నాం.

ఇదంతా సోకు కోసం చెప్పడం లేదు. షుగరున్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గుతుంది. బూటు ఒరుసుకుని పుండు పడినా తెలియదు. అది ముదిరితే వేలు, కాలు కూడా తీసేయాల్సి రావచ్చు. మన ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్టెలున్న వేళ్లను మొన తేలిన చెప్పుల్లో కుక్కి, ఆనెకాయలు మన రాతే అనుకుంటాం.

కాబట్టి ఈసారి దుకాణానికి వెళ్తే సాయంత్రం వెళ్దాం, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వేసుకునే మేజోళ్లతోనే, రెండు కాళ్లకూ తొడిగి చూద్దాం. పెద్ద పాదాన్ని బట్టి కొందాం. దూరాన్నుంచి తెప్పించుకుంటే, నిలబడి కాగితం మీద గీసిన రెండు పాదాల గీతలు పంపి, వెడల్పు అక్షరం అడుగుదాం. మేనమామలు, బావలు ఏమీ అనుకోరు!

అన్నిటికన్నా ముఖ్యం, దుకాణదారుని "వెడల్పు రకం ఉందా?" అని అడగడం. మొదట నవ్వుతాడు. పదిమంది అడిగితే తెప్పిస్తాడు. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తే ఒళ్లును తిట్టుకుంటామా, టైలరుకి తిరిగిస్తామా? కాలికి కూడా ఆపాటి న్యాయం చేయొద్దూ!