బుల్లెట్ మామ... ఆర్‌ఎక్స్ అల్లుడు

పోర్షే గొప్పదా, నిస్సాన్ జీటీ-ఆర్ గొప్పదా అని కార్ల పిచ్చోళ్లు ప్రపంచమంతా వాదించుకుంటారు. మా సీమలో ఆ కార్లెక్కడివి! ఇక్కడ అదే తగువు మోటార్‌సైకిళ్ల మీద నడిచింది.

కడపలో మా మేనమామది బుల్లెట్. ఇంగ్లండులో పుట్టి, 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన బండి. ఆదివారమొస్తే వరండాలో గోనెపట్టా పరిచి స్పానర్లు పేర్చుకునేవాడు. విప్పి బిగించడమే ఆయనకు పండగ. నేనేమో 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 వైపు. ఇంజను 98 సీసీలే, పవరు మాత్రం 11 హార్స్‌పవర్. బుల్లెట్‌కు 346 సీసీలుండీ 18!

"మామా, నువ్వు కిక్కు కొట్టేలోగా మైదుకూరులో ఉంటా" అనేవాణ్ని.

"ఇద్దర్ని ఎక్కించుకోని గువ్వలచెరువు ఘాట్ ఎక్కురా అబ్బీ, చూస్తాం" అనేవాడు. అదీ నిజమే. బరువు మీద పెద్ద ఇంజను నింపాదిగా లాగేస్తుంది. నా బండి రొద పెడితే తప్ప కదలదు.

కర్నూలు మిత్రుడిది యెజ్డీ, చెక్ దేశపు జావా వంశం. కిక్ రాడ్డే గేరు రాడ్డు కూడా! పెట్రోల్లో ఆయిలు కలిపి పోయించాలి. "ఇన్ని తిప్పలెందుకప్పా?" అంటే, "తిప్పలు లేకుంటే అది బండెట్లయితాది?" అనేవాడు.

1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. జావా 2018లో, యెజ్డీ 2022లో కొత్తగా తిరిగొచ్చాయి. బుల్లెట్ షోరూముల్లో ఉండనే ఉంది. జపాన్ బండికి స్పానరెందుకన్న నేనే ఇప్పుడు ఒరిజినల్ కార్బొరేటర్ కోసం రెండు జిల్లాల మెకానిక్కుల చుట్టూ తిరుగుతున్నా.

మొన్న ఆదివారం వరండాలో గోనెపట్టా నేనే పరిచాను. మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పదో నంబరు ఇదిగో అల్లుడా" అన్నాడు, నవ్వకుండా.